కలిపి కరిగించినవి కలియునా?
(మిశ్రమ ప్లాస్టిక్కులు చల్లారు తీరు)

శీతకాలమున తెల్లవారుజామున వంటింటిలోని నేతిగిన్నెను చూచినవారికి ఒక విషయము తెలియును. రాత్రి పొయ్యిమీదినుండి దించి, మూతపెట్టి, నెమ్మదిగా చల్లారనిచ్చిన నెయ్యి పూసకట్టి ఉండును. అదే గిన్నెను చన్నీటిలో ఉంచి త్వరగా చల్లార్చినచో పూస రాదు; నెయ్యి మెత్తని ముద్దగా పేరుకొనును. వెన్న ఒక్కటే, కాచిన చేయి ఒక్కటే. తేడా అంతయు చల్లారిన తీరులోనే ఉన్నది. మన తల్లులు ఏ గ్రంథమును చదువకయే ఎరిగిన ఈ సత్యము ప్లాస్టిక్కు పరిశ్రమకు కూడ పునాదివంటిది.

తెలుగు బోధించు మాకు ప్లాస్టిక్కులతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. గత వేసవిలో మా విద్యార్థి ఒకడు పగిలిన క్రేటు ముక్కను చేతబట్టుకొని అధ్యాపకుల గదికి వచ్చినాడు. అతని తండ్రికి ఎల్.బి. నగర్ సమీపమున పాత సామాను గోదాము కలదు. పాత బకెట్లు, డబ్బాలు, కుర్చీలు, మూతలు కొని, ఆడకూలీలచేత రకములవారీగా వేరుచేయించి, యంత్రములో ముక్కలు కొట్టించి, అచ్చు పోయు ఒక చిన్న కర్మాగారమునకు అమ్ముట ఆయన వృత్తి. ఆ ముక్కలను కరిగించి కర్మాగారమువారు పండ్ల క్రేట్లు పోసిరి. మొదటి బరువునకే క్రేట్లు మూలలయందు పగిలినవి. "మీ మాలు కల్తీ" అని కర్మాగారపు యజమాని రావలసిన సొమ్ములో సగము తగ్గించెను. ఆ సగములోనే మా విద్యార్థి కళాశాల రుసుము కూడ ఉన్నది.

"సార్, మా అబ్బా తప్పున్నదా, అచ్చు పోసినోళ్ల తప్పున్నదా? సైన్సు ఏమంటది?" అని అతడు అడిగినాడు.

మేము సమాధానము చెప్పలేకపోతిమి. అతనిని వెంటబెట్టుకొని రసాయనశాస్త్ర శాఖలోని మిత్రునివద్దకు వెళ్లితిమి. ఆ తరువాత కొన్ని వారములపాటు ఆయనవద్ద కూర్చుండి నేర్చుకొన్నదానిని, విద్యార్థులకు ఉపయోగపడునను ఆశతో ఇచ్చట వ్రాయుచున్నాము.

పొడవైన గొలుసులు

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ వరకు నడచినచో త్రోవపొడవున ప్లాస్టిక్కు సామాను కనబడును. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారమునకు తరలిపోయినది గాని, అంతకు ముందు ఆ ఆవరణమున దొంతరలుగా పేర్చిన రంగురంగుల క్రేట్లను మనలో చాలమంది చూచినవారమే. వీనినన్నింటిని మనము ప్లాస్టిక్కు అను ఒక్క పేరుతో పిలుచుచున్నాము. కాని అది ఒక వస్తువు పేరు కాదు, ఒక పెద్ద కుటుంబపు పేరు. పాలపాకెట్టు ఒక జాతి, బకెట్టు ఒక జాతి, నీళ్ల సీసా మరియొక జాతి.

ఈ కుటుంబములోని వారందరికి ఉన్న సమాన లక్షణము ఒకటే: వీని అణువులు గొలుసులవంటివి. ఒక చిన్న అణువు వేలకొలది మారులు వరుసగా ముడిపడి ఒక గొలుసగును. 1920లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ఈ మాట చెప్పినప్పుడు తోటి శాస్త్రజ్ఞులు చాలమంది నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో, వేరొక ఫలితమును ఆశించి చేసిన ప్రయోగములో, అనుకోకుండ పాలిథీన్ దొరికినది. 1953-54 సంవత్సరములలో జర్మనీయందు కార్ల్ జీగ్లర్, ఇటలీయందు జూలియో నట్టా చేసిన కృషివలన గట్టి పాలిథీన్, పాలిప్రొపిలీన్ అను రెండు ప్లాస్టిక్కులు సులభముగా తయారగుటకు మార్గమేర్పడినది. వారిరువురికి 1963లో నోబెల్ బహుమానమును పంచి ఇచ్చిరి. మన బకెట్లు, క్రేట్లు, సీసామూతలు ఎక్కువగా ఈ రెండింటితోనే చేయబడుచున్నవి. మన కథలో పాత్రలు కూడ ఈ రెండే.

గొలుసులు మడతపడు విధము

ప్లాస్టిక్కు కరిగియున్నప్పుడు దాని గొలుసులు షీర్‌ఖుర్మాలోని సేమియావలె ఒకదానిలో నొకటి చిక్కుపడి కదలుచుండును. వేడి తగ్గిన కొలది కదలిక మందగించును. అప్పుడు గొలుసులోని కొంత భాగము ముందుకు వెనుకకు మడతపడి, పక్క మడతలతో వరుసగా ఒదిగి కూర్చుండును. గాలిపటము దారమును పిల్లవాడు రెండు వ్రేళ్లమధ్య చుట్టునట్లు అనుకొనవచ్చును. ఇట్లు క్రమముగా అమరిన భాగమే స్ఫటికము. 1957లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునందు ఆండ్రూ కెల్లర్ పాలిథీన్ స్ఫటికములను పరిశీలించి, పలుచని పలకయందు అంతకన్న ఎన్నో రెట్లు పొడవైన గొలుసు ఇమిడియున్నదనిన, అది మడతపడక తప్పదని నిరూపించెను. అట్టి పలక మందము సుమారు 10 నానోమీటర్లు. మనము వ్రాయు కాగితము మందములో అట్టి పలకలు దాదాపు పదివేలు పట్టును.

ఉర్దూ విద్యార్థులకు ఇచ్చట ఒక మాట. ఉర్దూ రసాయన గ్రంథములలో స్ఫటికమునకు 'కలమ్' అని పేరు. బజారులో సురేకారమును 'కల్మీ షోరా' అనుటలో ఉన్నది ఆ మాటయే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రములను ఉర్దూలో బోధించుటకై అనువాదశాలలో పండితులు కూర్చుండి ఇట్టి పదములను వందలకొలది స్థిరపరచిరి. స్ఫటికమన్నను, కలమ్ అన్నను భావమొక్కటే: చెదరియున్నది క్రమముగా అమరుట.

పలకలు ఒక బీజమునుండి బయలుదేరి అన్ని దిక్కులకు పెరుగును. అందుచేత ఒక చిన్న గోళము ఏర్పడును. దీనిని గోళస్ఫటికము అందుము. కాంతిని ఒకే తలములో పోనిచ్చు పలుచని రేకులు రెండు సూక్ష్మదర్శినికి అమర్చి చూచినచో, ప్రతి గోళముమీద నల్లని కూడిక గుర్తు స్పష్టముగా కనబడును. నేతి పూసకు ఇది దగ్గరి చుట్టమే.

అయితే ప్లాస్టిక్కు ఎన్నడును పూర్తిగా స్ఫటికము కాదు. పలకల నడుమ చిక్కుపడిన గొలుసులు అట్లే మిగిలిపోవును. గట్టిదనము పలకలవలన, సాగుడు గుణము ఆ చిక్కులవలన వచ్చును. ఒకే గొలుసు కొంత ఈ పలకలో, కొంత పక్క పలకలో ఉండి రెంటిని కుట్టినట్లు పట్టియుంచును. ఈ కుట్లు తక్కువైనచోట వస్తువు పెళుసగును.

మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, బీజము. పటికబెల్లము చేయువారు చక్కెర పాకములో దారము వ్రేలాడదీయుదురు. స్ఫటికము ఆ దారమును పట్టుకొని పెరుగును. ప్లాస్టిక్కులో రంగుపొడి, ధూళి కణము, ఉద్దేశపూర్వకముగా కలిపిన సుద్దరాతి పొడి ఆ దారపు పనిని చేయును. బీజములు అనేకమైనచో గోళములు చిన్నవై దట్టముగా ఉండును. బీజములు కొద్దియైనచో గోళములు పెద్దవై, వాని సరిహద్దులు బలహీనమగును.

రెండవది, వేగము. కరుగు ఉష్ణోగ్రతకు కొంచెము క్రిందుగా ఉన్నంతవరకు క్రొత్త బీజములు పుట్టుట అరుదు. మరీ చల్లబడినచో గొలుసులు కదలలేవు. ఈ రెంటి నడుమనే స్ఫటికము త్వరగా పెరుగును. నీళ్ల సీసాలకు వాడు ప్లాస్టిక్కు మందగమనము గలది. దానిని త్వరగా చల్లార్చినచో అమరుటకు వ్యవధి చాలక అద్దమువలె ఉండిపోవును, నెమ్మదిగా చల్లార్చినచో పాలవలె తెల్లబడును. పాలిథీన్ అట్లుకాదు, ఎంత త్వరపెట్టినను కొంతైనను స్ఫటికమై తీరును.

మూడవది, కుంచించుకొనుట. అమరిన గొలుసులకు చోటు తక్కువ చాలును. చిక్కుపడియున్న పాలిథీన్ సాంద్రత ఘన సెంటీమీటరునకు సుమారు 0.85 గ్రాములైన, స్ఫటికమునందు అది సుమారు 1 గ్రాము. కావున స్ఫటికీకరణము జరిగినచోటనెల్ల వస్తువు లోపలికి లాగుకొనును. వెలుపలి పొర ముందుగా గట్టిపడి, నడిభాగము తరువాత కుంచించుకొన్నచో లోపల బోలు ఏర్పడును.

రెండు కలిసినప్పుడు

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. రెండు ప్లాస్టిక్కులను ఒకే గొట్టములో కరిగించి కలియబెట్టినచో కంటికి ఒకే ముద్ద కనబడును. అది నిజముగా కలిసినదా లేదా అనునది చల్లారునప్పుడు బయటపడును. ఇందు మూడు విధములు కలవు.

మొదటి విధము దగ్గరి బంధువులది. కొన్ని జాతుల పాలిథీనులు ఒకే పలకలో కలిసి అమరగలవు. కాని బకెట్లకు వాడు గట్టి పాలిథీన్, సంచులకు వాడు మెత్తని పాలిథీన్ కలిసినప్పుడు సాధారణముగా గట్టిది ముందుగా అమరును. మెత్తనిదాని గొలుసులకు కొమ్మలుండుటచే అవి మడతపడుటకు ఆలస్యమగును. మిగిలిన చోటులో తరువాత అమరును. పంక్తిలో ముందు వచ్చినవారు కూర్చుండగా, తరువాత వచ్చినవారు సందులలో సర్దుకొన్నట్లు.

రెండవ విధము నిజముగా కలియునవి, కాని ఒకటి మాత్రమే స్ఫటికమగునవి. నామఫలకములకు వాడు అక్రిలిక్ స్ఫటికము కాదు. పాలివినైలిడీన్ ఫ్లోరైడు అను మరియొక ప్లాస్టిక్కు స్ఫటికమగును. ఈ రెండును కరిగినప్పుడు ఏకమగును. అట్టి మిశ్రమములో స్ఫటికము పెరుగవలెనన్న, దారికి అడ్డముగా ఉన్న అక్రిలిక్ గొలుసులను పక్కకు త్రోసికొనుచు పెరుగవలెను. అందుచేత వేగము తగ్గును. కరుగు ఉష్ణోగ్రత కూడ కొంత దిగును. 1975లో నిషి, వాంగ్ అను శాస్త్రజ్ఞులు ఈ తగ్గుదలను కొలిచి, రెండు గొలుసుల మధ్యగల ఆకర్షణను లెక్కగట్టు మార్గము చూపిరి.

మూడవ విధము కలియనివి. మన క్రేటు కథ ఇదియే. పాలిప్రొపిలీన్, గట్టి పాలిథీన్ పేర్లకు చుట్టములే గాని కరిగినప్పుడు నూనె, నీరువలె వేరుపడును. తక్కువగా ఉన్నది చిన్న బొట్లుగా రెండవదానిలో చెదరియుండును. మొదటిది సుమారు 165 డిగ్రీల సెల్సియస్‌వద్ద, రెండవది సుమారు 130 డిగ్రీలవద్ద కరుగును. చల్లారునప్పుడు మాత్రము రెండును ఇంచుమించు 110-120 డిగ్రీల ప్రాంతమున గట్టిపడును. దగ్గరదగ్గర వేళకే గట్టిపడినను, ఎవరి పలకలు వారివే. ఒకదాని గొలుసు రెండవదాని పలకలో మడతపడదు. ఇందాక చెప్పిన కుట్లు సరిహద్దున వేయబడవు. పైగా రెండును కుంచించుకొనుచు ఎవరివైపునకు వారు లాగుదురు. బరువు పడినప్పుడు పగులు ఆ సరిహద్దువెంట సులభముగా పరుగెత్తును.

బొట్లలో మరియొక చిత్రము కలదు. వంద గ్లాసులలో పాకము పోసి, పది గ్లాసులలోనే దారములు వేసినామనుకొందము. ఆ పదింటిలో పటికబెల్లము త్వరగా కట్టును, తొంబదింటిలో కట్టదు. అట్లే ప్లాస్టిక్కు మిక్కిలి సన్నని బొట్లుగా చెదరినప్పుడు, బీజమున్న బొట్టు వేళకు గట్టిపడును. బీజములేని బొట్టు ఇంకను ఎన్నో డిగ్రీలు చల్లబడువరకు ద్రవముగానే ఉండును. పాలిస్టైరీనులో చెదరిన పాలిప్రొపిలీన్ బొట్లయందు శాస్త్రజ్ఞులు దీనిని స్పష్టముగా గమనించిరి. వెలుపల గట్టిపడినట్లు కనబడు వస్తువులో లోపల ఇంకను పని జరుగుచునే ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కలియనివానిని కలుపు ఉపాయము లేదా? కలదు. ఒక సగము పాలిథీన్, ఒక సగము పాలిప్రొపిలీన్‌గా ఉన్న ప్రత్యేకమైన గొలుసులను కొద్దిగా చేర్చినచో, ప్రతి సగము తన జాతివారి స్ఫటికములో చొచ్చుకొని సరిహద్దును కుట్టివేయును. 2017లో అమెరికాలోని కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయములవారు ఇట్టి గొలుసులను కొద్ది శాతము కలిపి, పెళుసైన మిశ్రమమును దృఢమైనదిగా మార్చి చూపిరి. కాని అట్టి పదార్థము మన గోదాములవరకు వచ్చునంతదాక, చేతితో వేరుచేయుటయే మనకున్న దారి.

గాజుగ్లాసులో పరీక్ష

మేము చేసిన పరీక్ష ఎవరైనను చేయదగినదే. నీటిలో వేసినచో సీసా ప్లాస్టిక్కు మునుగును. పాలిథీన్, పాలిప్రొపిలీన్ రెండును తేలును. కావున వట్టి నీరు ఆ రెంటిని వేరుచేయలేదు. పాలిప్రొపిలీన్ సాంద్రత సుమారు 0.90, గట్టి పాలిథీన్ సాంద్రత 0.94కు పైన. ఈ రెంటి నడిమి సాంద్రత గల ద్రవము కావలెను. నీటిలో స్పిరిటును కొంచెము కొంచెముగా కలుపుచు పోయిన అట్టి ద్రవము సిద్ధించును. వస్తువుల అడుగున ముక్కోణపు గుర్తులో 2 అంకెయున్నది గట్టి పాలిథీన్, 5 అంకెయున్నది పాలిప్రొపిలీన్. ఈ రెండు రకముల ముక్కలను గ్లాసులో వేసి, 2 మునిగి 5 తేలువరకు స్పిరిటు కలిపితిమి. స్పిరిటు అంటుకొను స్వభావము గలది కనుక దగ్గర నిప్పు ఉండరాదు. సుద్దపొడి కలిపిన పాలిప్రొపిలీన్ కూడ మునుగునని మరువరాదు.

తరువాత మా విద్యార్థి తెచ్చిన గుప్పెడు ముక్కలను వేసితిమి. ఎక్కువ భాగము తేలినవి. కొన్ని అడుగునకు దిగినవి. దిగినవి తీసి చూడగా అందు చాలవరకు సీసామూతల ముక్కలు. మూతలను రెండు రకముల ప్లాస్టిక్కుతోను చేయుదురు. రంగు, రూపము ఒక్కటే. గంపముందు కూర్చున్న కూలీస్త్రీలు కుర్చీని చప్పుడునుబట్టి, డబ్బాను వంపునుబట్టి గుర్తింపగలరు గాని, వ్రేలెడంత మూతను ఏమి చూచి గుర్తింతురు?

మిత్రుడు అంతతో ఆగక, పగిలిన క్రేటు మూలను రంపముతో కోసినాడు. మందముగా ఉన్న పక్కటెముక నడుమ బోలు కనబడినది. మే నెలలో మన నగరమున ఎండ 40 డిగ్రీలు దాటును. అచ్చును చల్లార్చు నీరే వేడెక్కియుండగా, గంటకు ఇన్ని క్రేట్లు తీయవలెనను తొందరలో అచ్చును ముందుగా తెరచినచో, లోపలి భాగము అచ్చు వెలుపల స్ఫటికమై కుంచించుకొనును. మాలులో కల్తీ ఉన్నమాట నిజము; చల్లార్చుటలో తొందర జరిగినదనుటకును ఆ బోలు సాక్ష్యము. తప్పు ఒక్కరిది కాదు.

మా విద్యార్థి తండ్రి ఆ గాజుగ్లాసును, కోసిన ముక్కను తీసికొని కర్మాగారమునకు వెళ్లినాడు. యజమాని చాలసేపు ఆ ముక్కను త్రిప్పి చూచినాడట. తగ్గించిన సొమ్ము మాత్రము తిరిగి రాలేదు. కాని తరువాతి మాలును ఇరువురియెదుట గ్లాసులో పరీక్షించి, పూర్తి ధరకు తీసికొనినాడు.

విద్యార్థులకు, పెద్దలకు

ఇట్టి పరీక్షను సూక్ష్మముగా చేయు యంత్రములు కలవు. కొద్ది మిల్లీగ్రాముల ముక్కను కరిగించి, నిర్ణీత వేగముతో చల్లార్చుచు, గట్టిపడునప్పుడు వెలువడు వేడిని అవి గీతగా గీయును. స్వచ్ఛమైన మాలునకు ఒక శిఖరము వచ్చును. కరుగు ఉష్ణోగ్రతలు వేరైన రెండు రకములున్నచో, మరల వేడిచేసినప్పుడు రెండు శిఖరములు తలయెత్తును. మన నగరములో ఈ విద్యకు కొరతలేదు. 1944లో హైదరాబాదు రాజ్యమున ఆరంభమైన ప్రయోగశాలయే నేడు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. 1968లో మద్రాసున నెలకొల్పబడిన సీపెట్ సంస్థకు చర్లపల్లిలో కేంద్రము కలదు. పదవ తరగతి ముగించినవారికి కూడ అచ్చట డిప్లొమా చదువులున్నవి. పాత సామాను వ్యాపారపు ఇండ్లనుండి వచ్చిన మన విద్యార్థులు ఆ వృత్తిని చెప్పుకొనుటకు సిగ్గుపడుట మేము చూచియున్నాము. తండ్రి చేతికి తెలిసినదానికి కుమారుని చదువు తోడైనచో ఎంత మేలు జరుగునో గ్రహించి, వారు ఆ ద్వారములను తట్టవలెనని మా కోరిక.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినికి ఆ కాంతి రేకులు రెండు తెప్పించినచో, నేతి పూసను, ప్లాస్టిక్కు గోళస్ఫటికమును విద్యార్థులు తమ కన్నులతో పక్కపక్కన చూడగలరు. ఖర్చు స్వల్పము, కలుగు ప్రయోజనము పెద్దది.

మా విద్యార్థి ఈ మధ్య మరల కనబడినాడు. గోదాములో ఇప్పుడు సీసామూతలను మొదటనే ఊడదీసి వేరుగంపలో వేయుచున్నారట. ఆ పనికి కూలీస్త్రీలకు గంపకు కొంత అదనముగా ఇచ్చుచున్నామని అతడు చెప్పినాడు. "గ్లాసు ఎక్కడ పెట్టినారు?" అని అడిగితిమి. తూకపు కాటా పక్కననే పెట్టినారట.